కాగితం మీద అడవి – 7: రంగయ్య గీశాడు, గోవిందు గీశాడు

పేజీ నిండా ఒక మొక్క. కొమ్మ కింది నుంచి పైకి లేచి, ఆకుల్ని అటొకటి ఇటొకటి తిప్పుకుని, కొసన పూత పట్టి నిలబడి ఉంటుంది. దాని మొదట్లో అదే పువ్వును విప్పి, కోసి, నిలువునా చీల్చి, ముక్కముక్కగా పరిచిన చిన్న చిన్న బొమ్మలు. వాటికి అంకెలు. అన్నిటికీ కింద, ఓ మూలన, చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాల్లో 'రంగయ్య డెల్.' అని ఉంటుంది. పుటలు తిప్పుకుంటూ పోతే కొన్ని సంపుటాల తర్వాత ఆ చోట 'గోవిందు డెల్.' వచ్చి కూర్చుంటుంది.

'డెల్' అంటే ఇంటిపేరు కాదు. 'డెలినియావిట్' అనే లాటిన్ మాటకు పొట్టి రూపం. 'గీశాడు' అని అర్థం. అంటే ఆ మూలన ఉన్నది ఒక పూర్తి వాక్యం. రంగయ్య గీశాడు. గోవిందు గీశాడు. పుస్తకం ముఖపత్రం మీద మాత్రం ఉన్న పేరు ఒక్కటే: రాబర్ట్ వైట్, సర్జన్, మద్రాసు.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దొర పెట్టుకున్న చిత్రకారుల గురించి గత భాగంలో చెప్పుకున్నాం. కోరమాండల్ తీరపు మొక్కల మీద అచ్చయిన ఆ మహా గ్రంథంలో 300 పటాలు ఉన్నాయి. లండన్‌లో రాగిరేకు మీద చెక్కినవాడి పేరు వాటి కింద కనిపిస్తుంది. గోదావరి ఎండలో కూర్చుని, వాడిపోయేలోపు పువ్వును కాగితం మీదికి దించినవాడి పేరు కనిపించదు. రాక్స్‌బర్గ్ తర్వాత ఒక తరానికి మద్రాసు వచ్చిన వైట్ తన చిత్రకారుల పేర్లు అచ్చు వేయించాడు. ఈ ఒక్క పని చేసి ఉండకపోతే ఈ వారం రాయడానికి నాకు ఏమీ ఉండేది కాదు.

ఆ పేర్ల దగ్గరే ఒక క్షణం ఆగుదాం. రంగయ్య. గోవిందు. ఇద్దరూ పనిచేసింది ఎక్కువగా తమిళ దేశంలో. తమిళమైతే రంగన్ అనో, గోవిందన్ అనో ఉండాలి. 'అయ్య' చేర్చడం, 'డు' గానీ 'న్' గానీ లేకుండా ఉకారంతో ఆపేయడం మన ఇళ్ళలో పిలుపు. రంగయ్యది తంజావూరు. విజయనగరం, ఆ తర్వాత నాయక రాజుల వెంట దక్షిణానికి తరలివెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగు చిత్రకారుల కుటుంబాలు తంజావూరులో ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళను రాజులు అంటారు. పనస చెక్క మీద గుడ్డ అతికించి, సుద్ద పూసి, బంగారు రేకు తాపి, కృష్ణుణ్ణి బొద్దుగా కూర్చోబెట్టే తంజావూరు బొమ్మలు ఈ కుటుంబాల చేతి పనే. రంగయ్య కూడా ఆ వర్గంవాడేనని ఈ చిత్రాలను ఏళ్ళ తరబడి పరిశీలించిన స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త హెన్రీ నోల్టీ గుర్తించాడు. ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఇలాంటి పనివాళ్ళందరికీ కలిపి ఉన్న మాట 'మూచీ'. అది మన ముచ్చి. జీనులకు తోలు కుట్టేవాడు, పెట్టెలకు రంగులు వేసేవాడు, పటం గీసేవాడు, అందరూ దొరల లెక్కలో మూచీలే.

వైట్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే అతని గురించి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. స్కాట్లాండ్‌లో 1796లో పుట్టాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్యమంటే సగం మొక్కలే; కషాయానికి ఏ వేరు వాడాలో తెలియనివాడు వైద్యుడు కాడు. 1819లో కంపెనీ సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా మద్రాసు చేరాడు. 1826లో అతనికి 'మద్రాసు నేచురలిస్ట్' అనే పదవి దొరికింది. ఊళ్ళు తిరగడం, మొక్కలు పోగు చేయడం, బొమ్మలు వేయించడం దాని పని. జీతం తీసుకుని అడవిలో తిరిగే భాగ్యం రెండేళ్ళు కూడా సరిగ్గా నిలవలేదు. 1828లో గవర్నరు లషింగ్టన్ ఖర్చు తగ్గించే పేరుతో ఆ పదవినే ఎత్తేశాడు. అంతవరకు మద్రాసులో పోగుపడిన సేకరణలు ఓడెక్కి లండన్‌లోని కంపెనీ కార్యాలయానికి వెళ్ళిపోయాయి. వైట్ నాగపట్నం దండులో మామూలు సర్జన్‌గా మిగిలాడు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. సర్కారు పని పోయినా వైట్ పని మానలేదు. మొక్కలు తెచ్చేవాళ్ళనూ, రంగయ్యనూ తన జేబులోంచి జీతం ఇచ్చి పెట్టుకున్నాడు. నాగపట్నం నుంచి రంగయ్య బొమ్మలు గ్లాస్గో వెళ్ళాయి. అక్కడ వృక్షశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న విలియం హుకర్ (తర్వాత లండన్ దగ్గరి క్యూ ఉద్యానానికి అధిపతి అయింది ఈయనే) వాటిని చూశాడు. చూసి ఊరుకోలేదు, తాను నడిపే పత్రికలో అచ్చు వేశాడు. హుకర్ స్వయంగా గొప్ప చిత్రకారుడు. పువ్వును కోసి గీయడంలో ఐరోపాలో అతనికి సాటి వచ్చేవాళ్ళు కొద్దిమంది. అలాంటివాడికి నాగపట్నం నుంచి వచ్చిన బొమ్మలు పనికొచ్చాయంటే రంగయ్య చేతి సంగతి అర్థం చేసుకోవచ్చు.

దేవుడి బొమ్మలు వేసే వంశంవాడికి పువ్వు వేయడం పెద్ద కష్టమేమీ కాదనిపిస్తుంది. పువ్వు వేయడం కష్టం కాదు నిజమే. కష్టమంతా కింద ఉన్న చిన్న బొమ్మల్లో ఉంది.

రాక్స్‌బర్గ్ కాలంలో మొక్కల్ని లినేయస్ పద్ధతిలో విడదీసేవారు. కేసరాలు ఎన్ని, కీలాలు ఎన్ని అని లెక్కపెట్టి గదుల్లో వేయడమే. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగితే చాలు. ఆ లెక్కలో ఒక్కోసారి చుట్టరికం లేని మొక్కలు ఒక గదిలో, అన్నదమ్ముల్లాంటివి వేర్వేరు గదుల్లో పడేవి. దీనికి బదులుగా ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టి, జెనీవాలో డికాండోల్ పెంచిన 'సహజ పద్ధతి' మొక్క మొత్తాన్నీ చూసి కుటుంబాలు కడుతుంది. అండాశయంలో అరలెన్ని, విత్తు ఎక్కడ అతుక్కుని ఉంది, విత్తు లోపల పిండం నిటారుగా ఉందా వంగి ఉందా, ఇవన్నీ కావాలి. వైట్ ఈ కొత్త పద్ధతి పక్షం. అందుకని రంగయ్య ఆవగింజంత విత్తును చీల్చి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, లోపల ఉన్నదాన్ని ఉన్నట్టు వేయాల్సి వచ్చింది. ఆకు వంపులో, రంగులో కొంచెం తేడా వస్తే బొమ్మ అందం తగ్గుతుంది, అంతే. పిండం వంపులో తేడా వస్తే మొక్క కుటుంబమే మారిపోతుంది.

తంజావూరు బొమ్మలో కంటికి కనిపించేదాని కంటే మనసులో స్థిరపడ్డ రూపం ముఖ్యం. కృష్ణుడు ఎలా ఉండాలో ముందే తెలుసు. ఇక్కడ అది చెల్లదు. అయినా రంగయ్య తొలి బొమ్మల్లో ఆ పాత చేయి పూర్తిగా పోలేదు. కొమ్మ పేజీని నింపేస్తుంది. ఆకులు ఒక లయలో అమరి ఉంటాయి. రంగు చిక్కగా పడుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని లోపమన్నా అనవచ్చు. నాకు మాత్రం గోవిందు పొందిక కంటే రంగయ్య పొంగే ఎక్కువ ఇష్టం.

1831లో వైట్ సెలవు మీద స్వదేశం వెళ్ళాడు. వెంట ఎండబెట్టిన మొక్కల నమూనాలు లక్ష దాకా ఉన్నాయి. బరువు రెండు టన్నులు. మూడు నాలుగు వేల జాతులు. ఎడిన్‌బరో కాలం నాటి మిత్రుడు వాకర్-ఆర్నట్‌తో కలిసి వాటి మీద కూర్చున్నాడు. 1834లో ఇద్దరి పేర్ల మీద దక్షిణ భారత ద్వీపకల్పపు వృక్షసంపద గురించి లాటిన్ పేరున్న పుస్తకం ఒకటి వచ్చింది. 'ప్రోడ్రోమస్' అని పిలుచుకునే ఆ పుస్తకం భారతదేశపు మొక్కల్ని సహజ పద్ధతిలో పేర్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. మొదటి సంపుటమే వచ్చింది. రెండోది రాలేదు.

ఈ సెలవు కాలంలోనే ఒక చిత్రం జరిగింది. కలకత్తా తోట అధిపతి వాలిక్ 1830లో ఒక మొక్కల ప్రజాతికి వైట్ పేరు మీద 'వైటియా' అని పేరు పెట్టాడు. గౌరవమే, కానీ అలాంటివి ఒకరికొకరు పెట్టుకోవడం ఆ వర్గంలో పరిపాటి. అసలు విశేషం రెండేళ్ళ తర్వాతది. అడ్డసరం కుటుంబాన్ని పరిశీలిస్తున్న జర్మన్ పండితుడు నీస్ ఫాన్ ఎసెన్‌బెక్ 1832లో, వాలిక్ గ్రంథం మూడో సంపుటంలో, మన పొలం గట్ల మీద పాకే చిన్న మొక్కల ప్రజాతి ఒకదానికి 'రంగియా' అని పేరు పెట్టాడు. రంగయ్య పేరు. తంజావూరు ముచ్చి పేరు లాటిన్ తోక తగిలించుకుని శాస్త్రంలోకి ఎక్కింది, యజమాని పేరు ఎక్కిన రెండేళ్ళకే.

వైట్ 1834లో తిరిగి వచ్చాడు. ఈసారి దత్తమండలాల్లోని బళ్ళారిలో ఉద్యోగం. కొద్ది కాలానికే అతని పటాలానికి పాళయంకోటకు బదిలీ అయింది. 700 మైళ్ళకు పైగా కాలినడక. సిపాయిలు నడిచారు, ఎద్దుబండ్లు నడిచాయి, డాక్టరు దారి పొడవునా మొక్కలు పీకుతూ నడిచాడు. 1836లో అతన్ని మద్రాసు రెవెన్యూ శాఖకు పిలిపించుకుని పత్తి, పొగాకు, సునాముఖి వంటి పంటల మీద నివేదికలు రాయమన్నారు. మద్రాసులో స్థిరంగా కాలు నిలిచాక, అతనికి అచ్చు పిచ్చి పట్టింది.

అప్పటిదాకా మొక్కల బొమ్మలు అచ్చు వేయాలంటే లండన్ పంపాలి. రాగి మీద చెక్కాలి. ఖర్చు తడిసి మోపెడు. దీనికి విరుగుడుగా వచ్చింది శిలాముద్రణ. బవేరియాలో సెనెఫెల్డర్ దాన్ని కనిపెట్టింది 1796లో అంటారు. వైట్ పుట్టిందీ ఆ ఏడే. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీస్తారు. రాయిని తడుపుతారు. గీత మీద నీళ్ళు నిలవవు. మిగతా చోట నిలుస్తాయి. ఇప్పుడు జిడ్డు సిరా రుద్దితే తడి ఉన్నచోట అంటదు, గీత మీదే అంటుతుంది. కాగితం వేసి నొక్కితే బొమ్మ. నీళ్ళకూ నూనెకూ పడదన్న వంటింటి సంగతే దీనికి మూలం. మద్రాసులోనే గీసి, మద్రాసులోనే అచ్చు వేసి, చౌకగా అమ్మవచ్చు.

1838లో రెండు పుస్తకాలు ఒకేసారి మొదలయ్యాయి. 'ఇలస్ట్రేషన్స్ ఆఫ్ ఇండియన్ బాటనీ' ఒకటి. కుటుంబానికో మొక్కను తీసుకుని, ప్రతి పటానికీ చేత్తో రంగు వేయించి, వివరంగా వ్యాసం రాసిన పుస్తకం. మన చెరువుల తామర, కలువ, బీళ్ళలో మొలిచే పసుపుపచ్చ పూల బలురక్కసి దాని తొలి పటాల్లోనే పలకరిస్తాయి. రెండోది 'ఐకోన్స్'. ఇందులో రంగులు లేవు, హంగులు లేవు. మొక్క, దాని భాగాలు, పేరు, నాలుగు ముక్కలు. వేయించగలిగినన్ని మొక్కలు వేయించి పారేయడమే ఉద్దేశం. ఆరు సంపుటాలు, 1853 దాకా. చివరి పటం సంఖ్య 2101.

నిజం చెప్పాలంటే తొలి సంపుటంలో కొన్ని పటాలు మొరటుగా ఉంటాయి. రంగయ్య కుంచె నుంచి రాతి మీదికి దిగేసరికి సన్నగీత లావెక్కింది. పని చేస్తూ చేస్తూ చేతులు తిరిగాయి. తర్వాతి పటాల్లో గీతకు ప్రాణం వస్తుంది. రాతి మీద గీసే పని చూసినవాడు డంఫీ, 'డంఫీ లిత్.' అని అతని పేరు కూడా అంచునే ఉంటుంది.

మనకు సంబంధించిన ముచ్చట ఒకటి ఈ 'ఐకోన్స్'లో దాగి ఉంది. రాక్స్‌బర్గ్ సామర్లకోటలోనూ, తర్వాత కలకత్తాలోనూ వేయించిన బొమ్మల్లో అచ్చుకెక్కినవి కొన్నే. రెండు వేలకు పైగా బొమ్మలు కలకత్తా తోటలో పెట్టెల్లో ఉండిపోయాయి. వైట్ వాటికి నకళ్ళు తెప్పించుకుని, తన సంపుటాల్లో చాలా వాటికి చోటిచ్చాడు. అలా పేరు తెలియని చేతులు గీసినవి కలకత్తా మీదుగా మద్రాసు చేరి, రంగయ్య బొమ్మల పక్కన అచ్చయ్యాయి. గత భాగంలో మనం వదిలేసిన దారం కొస ఇదే.

1840ల నడుమ రంగయ్య పేరు పటాల మీద ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళ కొలువు. ఆ తర్వాత గోవిందు. అప్పటికి వైట్ కోయంబత్తూరులో ఉన్నాడు. అమెరికా పత్తి మన నేలలో పండుతుందేమో చూడమని కంపెనీ 1842లో అతనికి ప్రయోగ క్షేత్రాలు అప్పజెప్పింది. పదకొండేళ్ళు దాని మీదే గడిపాడు. ఆ పత్తి గొడవ వేరే పెద్ద కథ. మన దారికి అడ్డం. మనకు కావలసింది ఏమిటంటే, పగలంతా పత్తి కాయల లెక్కలు చూసిన మనిషి మిగిలిన వేళల్లో నీలగిరుల మొక్కలు వేయిస్తూనే ఉన్నాడు. గోవిందు చేతికి ఆర్కిడ్లు వచ్చాయి.

ఆర్కిడ్ చిత్రకారుడికి పరీక్ష. పువ్వు వేలి గోరంత. లోపల ఒక రేక నాలుకలా చాచుకుని ఉంటుంది. కేసరం, కీలం ఒకే స్తంభంలో కలిసిపోయి ఉంటాయి. పుప్పొడి పొడిగా కాక ముద్దలుగా ఉంటుంది. దాన్ని సూదితో విడదీసి గీయాలి. గోవిందు గీత సన్నన, లెక్క కచ్చితం, రంగు పలుచన. ఇతనిలో తంజావూరు తక్కువ, సూక్ష్మదర్శిని ఎక్కువ. పువ్వును విప్పి చూపించే పనిలో ఇతని దేశీయుల్లో ఇతనికి సాటి లేడని వైట్ అచ్చులోనే మెచ్చుకున్నాడు. 'ఇతని దేశీయుల్లో' అన్న కొసరు లేకుండా ఆ మెప్పు రాలేదు, కాలం అలాంటిది. మెచ్చుకుని ఊరుకోకుండా చివరి సంపుటంలో ఒక ఆర్కిడ్ ప్రజాతికి 'గోవిందూయియా' అని పేరు పెట్టాడు.

ఆ పేరు నిలవలేదు. అదే ప్రజాతికి ఇంగ్లండులో లిండ్లీ అంతకు ఇరవై ఏళ్ళ ముందే 'ట్రోపిడియా' అని పేరు పెట్టి ఉన్నాడని తేలింది. శాస్త్రంలో ముందు పెట్టిన పేరుదే హక్కు. గోవిందు పేరు పర్యాయపదాల వరసలోకి జారిపోయింది.

వైట్ 1853లో ఉద్యోగం విరమించుకుని ఇంగ్లండులో రెడింగ్ దగ్గర పల్లెటూరి ఇంట్లో స్థిరపడ్డాడు. చనిపోయింది 1872లో. పోయే ముందు తన మొక్కల నమూనాలను క్యూకు ఇచ్చేశాడు. అక్కడ వాటిని విడదీసి ప్రపంచంలోని పెద్ద పెద్ద సంగ్రహాలకు పంచారు. పంచిన నమూనాల మీది అచ్చు చీటీల్లో చాలావాటికి ఊరు లేదు, తేదీ లేదు; ఉన్నదల్లా 'తూర్పు ఇండియా ద్వీపకల్పం' అని లాటిన్‌లో. బళ్ళారి ఎండా, ఊటీ మంచూ ఒక్క చీటీలో కలిసిపోయాయి. ఈ చీటీల చిక్కుముడులు విప్పడానికి ఇవాళ్టికీ వృక్షశాస్త్రవేత్తలు తల బాదుకుంటూనే ఉన్నారు.

బొమ్మల గతి కొంత మెరుగు. మూల చిత్రాలు ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్‌లో 700కు పైగా ఉన్నాయి. లండన్‌లో క్యూలోనూ, నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనూ మరికొన్ని. ఇవి పెట్టెల్లో ఉండడం వల్ల ఒక నష్టం జరిగింది. 'ఐకోన్స్' నలుపు తెలుపు పుస్తకం. నూట యాభై ఏళ్ళ పాటు శాస్త్రలోకం రంగయ్య, గోవిందుల పనిని ఎముకల గూడుగానే చూసింది. లేత చిగురు ఎరుపు, ఆకు వెనక బూడిదరంగు నూగు, కాయ పండేటప్పుడు ఒక పక్కనే తిరిగే పసుపు, ఇవన్నీ ఆ పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఎడిన్‌బరో తోటలో పనిచేసిన నోల్టీ వాటిని బయటికి తీసి, వైట్ ఉత్తరాలతో సరిపోల్చి, వైట్ తిరిగిన ఊళ్ళు తానూ తిరిగి, 2007లో మూడు సంపుటాలుగా తెచ్చాడు. ఆ పుస్తకం పేరులో వైట్‌తో పాటు రంగయ్య, గోవిందు కూడా ఉన్నారు. అంచున ఉన్న పేర్లు అట్ట మీదికి రావడానికి అంత కాలం పట్టింది.

రాతలో వాళ్ళ గురించి మిగిలింది పిడికెడు. అందుకే ఆ బొమ్మల్నే వాళ్ళ జీవితంగా చదువుకోవాలి. అలా చదివితే కొన్ని కనిపిస్తాయి. యజమాని ఓడెక్కి వెళ్ళిపోయినా గోవిందు కుంచె దించలేదు. మద్రాసు రాజధానికి తొలి అడవుల అధికారి అయిన హ్యూ క్లెగ్‌హార్న్ దగ్గర పని చేశాడు. క్లెగ్‌హార్న్ బొమ్మలు కూడా చివరికి ఎడిన్‌బరోకే చేరాయి. ఒకే చేయి గీసిన బొమ్మలు, ఇద్దరు దొరల పేర్ల మీద రెండు సంగ్రహాలుగా, ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి.

వచ్చే భాగంలో: విశాఖ వాల్తేరులో కాపురముండి, మొక్కల తెలుగు పేర్లన్నిటినీ పోగేసి 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' అచ్చు వేయించిన వాల్టర్ ఎలియట్.